రాజుగారికి సన్యాసి ముసుగు

క్రిస్మస్ వచ్చిందంటే సంగారెడ్డి, పటాన్‌చెరుల నుంచి మెదక్ చర్చికి బయల్దేరే కుటుంబాలెన్నో. పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కేవారూ ఉంటారు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. అక్కడికి అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. కొవ్వొత్తి వెలిగించేవాళ్లని ‘మీదే మతం?’ అని ఎవరూ అడగరు.

ఇంత మామూలుగా కనిపించే ఈ స్వేచ్ఛ కోసం ఒకప్పుడు ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లు ఇల్లూ వాకిలీ వదులుకున్నారు. అదీ సాటి క్రైస్తవుల చేతుల్లో!

హ్యూగెనాట్లుగా పేరుపడిన ఆ ప్రొటెస్టెంట్లకు 1598లో నాలుగో హెన్రీ నాంట్ శాసనంతో రక్షణ కల్పించాడు. ఆయన మనవడు పద్నాలుగో లూయీకి అది గిట్టలేదు. 1681 నుంచి వాళ్ల ఇళ్లలో సైనికుల్ని దించడం మొదలైంది. తిండీ పడకా ఇంటివాళ్లే చూడాలి. మతం మారతామని సంతకం పెట్టేదాకా ఆ ‘అతిథులు’ కదలరు. 1685లో శాసనమే రద్దయింది. మతం మారని పాస్టర్లు 15 రోజుల్లో దేశం వదలాలి. మిగతావాళ్లు మాత్రం వెళ్లకూడదు. పట్టుబడితే మగవాళ్లకు యుద్ధ ఓడల్లో తెడ్లువేసే శిక్ష, ఆడవాళ్లకు చెర. అయినా సుమారు 2 లక్షల మంది దాటిపోయారు.

చాలామందికి హాలెండు ఆశ్రయమిచ్చింది. అక్కడ అచ్చుయంత్రాలకు కొదవలేదు. ఒక బొమ్మలో సైనికుడు తుపాకీ గురిపెట్టి ఉంటాడు. ఎదుటి మనిషి సంతకం చేస్తుంటాడు. ఆ తుపాకీకి పెట్టిన పేరు ‘తిరుగులేని వాదన’! 1691లో ‘లీగు వీరులు’ పేరిట 24 వ్యంగ్య చిత్రాలు వెలువడ్డాయి. కార్నెలిస్ డూసార్ట్, జేకబ్ గోలె అనే డచ్చి చిత్రకారుల పనితనమని చెబుతారు. రాజు, ఆయన భార్య మాంతెనాన్, మతపెద్దలు... అందరికీ సన్యాసుల వేషమే. తనను సూర్యుడిగా చెప్పుకున్న లూయీ ముసుగులో సూర్యుడి ముఖమే పెట్టారు. అచ్చయిన చోటు ‘ప్యారిస్, లూయీ మహారాజు గుర్తు దగ్గర’ అని తప్పుడు చిరునామా కూడా. చురక అట్టమీదే మొదలైందన్నమాట.

మరి బొమ్మలు రాజును మార్చాయా? లేదు. 1715లో కన్నుమూసేదాకా ఆయన మెట్టు దిగలేదు. ప్రొటెస్టెంట్ల పెళ్లిళ్లు, పుట్టుకలు చట్టప్రకారం నమోదయ్యే వీలు 1787లో గానీ రాలేదు. అంటే 102 ఏళ్లు! నవ్వు చెరసాల తలుపులు తెరవలేదు. కానీ ఇంటిమీదికి సైన్యాన్ని పంపి, దాన్ని ధర్మకార్యమని చెప్పుకొన్నవాళ్ల ముఖాలను మాత్రం మరుగున పడనివ్వలేదు.

ఇందులో మరో కోణమూ ఉంది. ఆ బొమ్మల్ని చూసి నవ్విన హాలెండులోనే కాథలిక్కులు బాహాటంగా ప్రార్థన చేసుకోలేకపోయేవారు. బయటికి మామూలు ఇళ్లలా కనిపించే చోట్ల గుట్టుగా కూడేవారు. పీడించినవాణ్ని చూసి నవ్వడం వేరు, వాడి మతంలో పుట్టిన అమాయకుణ్ని చూసి నవ్వడం వేరు. సన్యాసి ముసుగు వేసిన కలానికి ఆ తేడా అన్నిసార్లూ పట్టలేదు. బొమ్మ గీసేవాడికైనా, చూసి నవ్వేవాడికైనా ఆ గీత తెలిసుండాలి. లేకపోతే నిన్నటి బాధితుడు రేపటి పీడకుడవడానికి ఎంతో కాలం పట్టదు.