బొమ్మ చెరిపిన గోడ

మా ఇంట్లో పొయ్యికి ఎదురుగోడ మీద చాపంత మేర ఒక చదరం ఉంది. గోడంతా ఎర్రమట్టి పూత. ఆ చదరం మీద మాత్రం సున్నం. ఆ సున్నం కింద మా నాన్నమ్మ వేయించిన బొమ్మ ఉంది. పొగకీ తేమకీ సున్నం పెచ్చులు రాలినప్పుడల్లా ఎర్రమన్ను మీద బియ్యప్పిండితో గీసిన ఏనుగు కాలో, నిచ్చెన మెట్టో బయటపడుతుంది. మా నాన్న మళ్ళీ సున్నం వేస్తాడు. మళ్ళీ కొన్నాళ్ళకి రాలుతుంది.

ఇక్కడ మేము అంటే సీతంపేట ఏజెన్సీలో కొండ మీది ఒక చిన్న గూడలో, ఒకే సవర ఇంట్లో పుట్టిన నలుగురం. రాసింది ఒకరే అయినా మా పెద్దక్క నుంచి చివరి చెల్లి దాకా కూర్చుని చెప్పుకున్నదే ఇందులో ఉంది. ఒకరిద్దరికి నచ్చని మాటలు కూడా ఉన్నాయి. అవీ ఉంచాం.

సవరల బొమ్మల్ని ఇప్పుడు చేతి సంచుల మీదా, ఆఫీసు గోడల మీదా చూస్తున్నారు. అందంగా ఉంటాయి. కానీ మా ఇళ్ళల్లో అవి అందానికి వేసినవి కావు. చనిపోయినవాళ్ళని మేము సోనుమ్ అంటాం. సోనుమ్‌కి ఇంట్లో చోటు కావాలి. ఆ చోటే ఇత్తాల్. ఎవరికో జ్వరం తగ్గదు, లేదా కల వస్తుంది. కుడన్ వచ్చి ఎవరు అడుగుతున్నారో, ఏం అడుగుతున్నారో చెప్తాడు. దాన్నిబట్టి బొమ్మ వేస్తారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు. కొందరి ఇళ్ళల్లో సైకిలు, విమానం కూడా ఉండేవి. చనిపోయినవాళ్ళకి మాత్రం విమానం ఎక్కాలని ఉండదా అని నాన్నమ్మ అనేది.

బయటివాళ్ళు మా పాత పద్ధతిని దెయ్యాల పూజ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. చర్చికి వచ్చిన కొత్తలో మేమూ అలాగే అన్నాం. చిన్నతనంలో చూసినవాళ్ళం కాబట్టి అది నిజం కాదని చెప్పగలం. కుడన్ కాళ్ళు బారచాపి కూర్చునేవాడు. కాసేపటికి అతని గొంతు మారేది. ఒకరి తర్వాత ఒకరు చనిపోయినవాళ్ళు వచ్చి మాట్లాడేవాళ్ళు. "నా గాజులు ఎవరు తీసుకున్నారు? పోడులో నా చింతచెట్టు ఎవరు దులుపుతున్నారు?" అని అడిగేవాళ్ళు. బతికున్నవాళ్ళు జవాబు చెప్పేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, ఒక్కోసారి నవ్వేవాళ్ళు కూడా. జీలుగు కల్లు పోసి తాగించేవాళ్ళు. చావుతో మాట ఆగిపోయేది కాదు.

అయితే ఆ మాటకి ఖరీదు ఉండేది. సోనుమ్ అడిగిందంటే కోడి, లేదంటే మేక, పెద్ద కార్యానికి దున్నపోతు. దున్నపోతుని కొండ కింద నుంచి కొనాలి. షావుకారు ఇస్తాడు. బదులుగా రాబోయే ఏడాది చింతపండూ, కందులూ, పసుపూ అతనివే. మా తాత చనిపోయినప్పుడు తెచ్చిన దున్న అప్పు మా నాన్నకి పెళ్ళయ్యాక కూడా తీరలేదు. మా అమ్మ కాపురానికి వచ్చి మొదట మోసిన చింతపండు గంపలు ఆ అప్పులోకే పోయాయట. "మీ తాతని నేను చూడనైనా లేదు, ఆయన అప్పు మాత్రం నా నెత్తి మీద మోశాను" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. అందులో కోపం ఉందో నవ్వు ఉందో మాకు తెలీదు.

యేసు మా ఇంటికి అద్భుతం చేసి రాలేదు. సాక్ష్యం చెప్పమని నిలబెట్టినప్పుడు చాలామంది అద్భుతాలు చెప్తారు. మాకు చెప్పడానికి అలాంటిది లేదు. మా పెదనాన్న ఒడిశా వైపు గజపతి కొండల్లో ఉన్న చుట్టాలింటికి వెళ్ళాడు. అక్కడి సవర ఊళ్ళల్లోకి కెనడా బాప్టిస్టు మిషన్ ద్వారా క్రైస్తవం చాలాకాలం కిందటే వచ్చింది. సాయంత్రం ఊరంతా కూర్చుని మా సవర భాషలోనే పాటలు పాడుతున్నారట. పాడటం పెదనాన్నకి వింత కాదు. సవరవాడికి పాట రాకపోవడం ఉంటుందా! పుస్తకం చూసి పాడటమే వింత. సవర మాట కాగితం మీద ఉంటుందని ఆయనకి అప్పటిదాకా తెలీదు. దేవుణ్ణి వాళ్ళు పిలిచింది కూడా కిత్తుంగ్ అనే. మా కథల్లో లోకాన్ని చేసినవాడి పేరే అది. "కొత్త దేవుడని వెళ్ళాను, పాతపేరే వినబడింది" అనేవాడు పెదనాన్న.

ఆయన పాటల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాడు. అది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. చదవడం రాదు. నలభై దాటిన మనిషి ఆ పాటలు చదవడం కోసమే అక్షరాలు దిద్దాడు. ఆ తర్వాతే మా నాన్నా, మరో మూడిళ్ళవాళ్ళూ వాగులో బాప్తిస్మం తీసుకున్నారు. మా అమ్మకి మొదట ఇష్టం లేదు. కానీ దున్నపోతు ఇక కొననక్కర్లేదు అన్నమాట ఆమెకి చాలా దూరం వినబడింది.

ఉపాధ్యాయులు చదువుతారు కాబట్టి ఇక్కడ ఒక సంగతి. మా భాషకి తెలుగువారిలో మొదట పట్టుగా పనిచేసింది గిడుగు రామమూర్తిగారు. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, 1931లో భాష మీద మాన్యువల్, 1938లో నిఘంటువు వెలువరించారు. 1936లో మంగయి గొమాంగో సవరకి సొంత లిపి చేశాడు, సొరంగ్ సంపెంగ్ అని. ఆ అక్షరాలనే దైవంగా కొలిచేవాళ్ళు మాలో ఉన్నారు. మా మేనమామ వాళ్ళలో ఒకడు. బడిలో మా చిన్నచెల్లి చదివిన సవర వాచకం తెలుగు లిపిలో ఉండేది. అంటే ఒకే ఇంటి చుట్టాలం మూడు లిపుల్లో ఒకే మాట రాస్తాం. కొందరు దీన్ని చూసి సవరలు చీలిపోయారంటారు. పండక్కి అందరం ఒకచోట కూర్చుంటే వినేవాడికి ఏ లిపీ వినబడదు.

బాప్తిస్మమైన వారంలో నాన్న గోడ మీది బొమ్మకి సున్నం వేశాడు. నాన్నమ్మ అడ్డం రాలేదు. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, వద్దనీ అనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని చూస్తూ ఉంది. పని అయ్యాక ఒక్కటే అడిగింది.

"మరి నే సచ్చిపోతే నాతో ఎవులు మాటాడతార్రా?"

నాన్న "నువ్వు దేవుడి దగ్గర ఉంటావమ్మా" అన్నాడు.

"దేవుడు సరే. నువ్వు మాటాడవా?"

నాన్న దానికి జవాబు చెప్పలేదు. తర్వాత ఎప్పుడూ చెప్పలేదు కూడా.

మాకు దొరికింది చాలా ఉంది, అది దాచడం తప్పు. అప్పు తీరింది. ఇంట్లో సారా ఆగింది. ఆదివారం కూడికలో మా అమ్మ లేచి నిలబడి నలుగురి ముందు ప్రార్థన చేసింది. ఊరి మాటల్లో ఆడవాళ్ళు వెనక కూర్చునే చోట ఇది చిన్న సంగతి కాదు. మేము నలుగురం చదువుకున్నామంటే దానికి మొదటి కారణం పెదనాన్న పాటల పుస్తకం. సంతలో కొండవాళ్ళని ఒసే, ఒరే అని పిలిచేవాళ్ళ ముందు తలెత్తుకుని, తూకం సరిగ్గా వెయ్యమని అడగడం కూడా అక్కడే వచ్చింది. నువ్వు దేవుడి బిడ్డవి అన్నమాట ఒక మనిషి వెన్ను ఎంత నిటారు చేస్తుందో మా నాన్నని చూసి తెలుసుకున్నాం. తూకం మాత్రం ఒసే అన్నప్పుడు ఎలా ఉందో ఏమ్మా అన్నప్పుడూ అలాగే ఉంది. అది వేరే పోరాటం.

పోగొట్టుకున్నది ఏమిటో నాన్నమ్మ చనిపోయినప్పుడు తెలిసింది. సవరలం దహనం చేస్తాం. క్రైస్తవులైనవాళ్ళం పాతిపెడతాం. నాన్న పాతిపెట్టాలన్నాడు. చిన్నాన్న పాత పద్ధతిలోనే ఉన్నాడు. కాల్చాలన్నాడు. శవం ఇంట్లో ఉండగా అన్నదమ్ములు వాకిట్లో అరుచుకున్నారు. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు కదా అని చిన్నాన్న. పెద్దకొడుకుల మాట చెల్లాలి కదా అని పెదనాన్న. చివరికి పాతిపెట్టారు. చిన్నాన్న మట్టి వెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

కొన్ని నెలలకి చిన్నాన్న అప్పుచేసి దున్నపోతుని తెచ్చాడు. పెద్దల రాళ్ళ దగ్గర నాన్నమ్మకి రాయి నిలబెట్టాడు. ఆ కార్యాన్ని గువార్ అంటాం. మమ్మల్ని వెళ్ళొద్దన్నారు. నాన్న కూడా వెళ్ళనన్నాడు. కానీ ఆ పూట పనస చెట్టు కింద, డప్పుల మోత వినబడేంత దూరంలో, కత్తి పట్టుకుని కట్టెలు కొడుతున్నట్టు నిలబడ్డాడు. కట్టెలు కొట్టలేదు. మేము వెనక నుంచి చూశాం. కుడన్ గొంతు మారింది. నాన్నమ్మలాగే ముక్కుతో దీర్ఘం తీసి, నాన్న చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచి, ఎక్కడున్నాడని అడిగింది. చిన్నాన్న పనస చెట్టు వైపు చూశాడు. "అన్న రాలేదమ్మా" అన్నాడు.

అది మా నాన్నమ్మ అని మేము నమ్మం. ఆ ఊళ్ళోనే పుట్టిన కుడన్‌కి ఆమె గొంతూ, ఆ ముద్దుపేరూ తెలియకుండా ఉంటాయా? అయినా ఆ గొంతు మా చెవుల్లో ఉంది. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. తర్వాతి రెండు ఆదివారాలు పాట పాడాడు గానీ సాక్ష్యానికి లేవలేదు. ఎవరూ అడగలేదు. మా కొత్త విశ్వాసంలో చనిపోయినవాళ్ళ గురించి ఆశ ఉంది. వాళ్ళతో మాట లేదు. ఆ రెండింటి మధ్య ఒక మనిషి ఎలా ఏడవాలో మాకు ఎవరూ నేర్పలేదు. మా పెద్దక్క అయితే నేర్చుకోవలసింది మనమే అంటుంది. మా అన్నకి ఈ పేరా మొత్తం తీసేయాలని ఉంది.

మూడు కందికొత్తల పండగలు మేము చిన్నాన్న ఇంట్లో తినలేదు. ఒకే చాలు కందులు, ఒకే పోడు, అయినా తినలేదు. దానికి చర్చి ఆజ్ఞ ఏమీ లేదు. మా మొండితనమే. పెద్దక్కకి కూతురు పుట్టినప్పుడు అది విరిగింది. పాత పద్ధతిలో పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి వస్తుంది. పేరుతో ఆ మనిషే వచ్చినట్టు. పిల్లకి రూతు అని పెట్టి, వెనక నాన్నమ్మ పేరు కూడా కలిపింది అక్క. చిన్నాన్న వచ్చి పిల్లని ఒళ్ళో పెట్టుకుని "వచ్చింది" అన్నాడు. నాన్న "జ్ఞాపకానికి పెట్టాం" అన్నాడు. చిన్నాన్న విననట్టు పిల్లని ముద్దుపెట్టుకున్నాడు. ఆ ఏడు కొత్త కందులు ముందు మందిరంలో పెట్టి ప్రార్థన చేసి, తర్వాత చిన్నాన్న ఇంటికి వెళ్ళి తిన్నాం. సోనుమ్ ముందు పెట్టిన పాలు మాత్రం మేము తినం. చిన్నమ్మ మాకు వేరే కుండలోంచి వడ్డిస్తుంది. అడగకుండానే.

ఇక బడి సంగతి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మాస్టారు పిల్లల చేత సవర బొమ్మలు వేయించాలనుకున్నారు. మా చిన్నచెల్లి చెయ్యి మంచిది. ఆమెని పిలిచారు. అప్పుడు మా మందిరానికి కింద నుంచి వస్తున్న పాస్టరుగారు అది విగ్రహారాధన అవుతుందన్నారు. చెల్లి రెండు రోజులు బడికి వెళ్ళలేదు. మాస్టారికి కారణం తెలీదు, చెల్లి చెప్పలేదు. పెదనాన్న అప్పటికి సంఘపెద్ద. ఆయన పాస్టరుగారితో వాదించలేదు. నేరుగా కుడన్ ఇంటికి వెళ్ళాడు. ఇద్దరూ ఒకప్పుడు కలిసి పశువులు కాసినవాళ్ళే. కాగితం మీద గీస్తే సోనుమ్ వచ్చి కూర్చుంటుందా అని అడిగాడు. కుడన్ నవ్వాడట. "పిలవకుండా, తాగడానికి పోయకుండా ఎవడొస్తాడురా? నువ్వొస్తావా?" అన్నాడట. పెదనాన్న ఆ మాట తెచ్చి పాస్టరుగారికి చెప్పాడు. ఆయన ఒప్పుకున్నారో లేదో గానీ ఇంకేమీ అనలేదు. చెల్లి బొమ్మ వేసింది. అందులో ఒక విమానం పెట్టింది.

మాస్టార్లకి ఒక మాట. క్రైస్తవ పిల్లవాడు ఆదివాసీ పండక్కి రాకపోతే వాడికి సంస్కృతి మీద గౌరవం లేదనుకోకండి. వాడి ఇంట్లో ఏ గోడ మీద ఏ సున్నం ఉందో మీకు తెలియకపోవచ్చు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఇంకొకటి. కుల ధ్రువీకరణ పత్రం కోసం మేము వెళ్ళిన ఒక ఆఫీసులో "మీరు క్రిస్టియన్లు కదా, ఎస్టీ ఎలా అవుతారు" అని అడిగారు. మా అన్న బిక్కమొహం వేసుకుని తిరిగొచ్చాడు. తర్వాత తెలుసుకున్నాం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే అది వర్తిస్తుంది. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. మతం మారినంత మాత్రాన తెగ పోదని 2004లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయితే ఆ మనిషి తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగవాళ్ళు అతన్ని తమవాడిగా చూస్తున్నారా అన్నది చూడాలని ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి పాతవన్నీ సైతానువని అనేసే ముందు ఆలోచించండి. చిన్నాన్న మనల్ని తనవాళ్ళు అనుకోవడం కాగితం లెక్కలో కూడా అక్కరకొస్తుందని అప్పుడు మాకు అర్థమైంది. మేము అతని ఇంట్లో తిన్నది అందుకు కాదు. కానీ తెలిశాక కాస్త సిగ్గుపడ్డాం.

మీరు ముందు సవరలా, ముందు క్రైస్తవులా అని కాలేజీలో స్నేహితులు అడుగుతారు. ఆ ప్రశ్న మాకు సవర భాషలో ఎవరూ వెయ్యలేదు. కిత్తుంగ్ అనే పేరుతోనే మా అమ్మ ప్రార్థిస్తుంది. ఆ పేరుతోనే చిన్నాన్న కథలు చెప్తాడు.

మొన్న సంక్రాంతికి ఇల్లు అలికాం. ఎదురుగోడ మీద సున్నం అరచెయ్యంత మేర రాలి నిచ్చెనంతా బయటపడింది. పక్కన ఒక మనిషి బొమ్మ, చెయ్యి పైకెత్తి. నాన్న సున్నం కలిపి, కుంచె ముంచి, గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. రూతు ఆయన కాలు పట్టుకుని ఆ మనిషి ఎవరు తాతా అని అడుగుతోంది. నాన్న కుంచె కుండలో పెట్టేసి, కందులు ఎండబెట్టాలని వాకిట్లోకి వెళ్ళాడు. సున్నం కుండలోనే గడ్డకట్టింది.