మా మోటారు పందెము



మోటారుబండ్ల పందెమునుగూర్చి వ్రాయుటకు మీరెవరని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న మేమును వేసికొంటిమి. మేమిద్దఱము తోడికోడండ్రము. కోనసీమలో పుట్టి, అన్నదమ్ములను పెండ్లాడి, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఒకే వీధిలో రెండిండ్ల కాపురము చేయుచున్నవారము. ఈ వ్యాసమును ఇద్దఱము కలిసియే వ్రాయుచున్నాము. కనుక ‘మేము’ అన్నచో ఇద్దఱమును అని యెఱుగునది. వేఱుగా చెప్పవలసినచోట పెద్దామె, చిన్నామె అని చెప్పెదము.

అసలు సంగతికి ముందు మా యింటిమాట యొకటి చెప్పవలసియున్నది. మాలో మాకు తగవు లెన్నడును లేవు. ఏ పని చెడినను ‘తప్పు నాదే అక్కా’ అని చిన్నామెయు, ‘కాదు చెల్లీ, నాదే’ అని పెద్దామెయు అనుట వాడుక. చూచినవారు మెచ్చుకొనెడివారు. కాని లోపల ఎవరి లెక్క వారికుండెను. మా అత్తగారు మొదటిసారి ఈ దేశమునకు వచ్చినపుడు విమానాశ్రయమున చక్రాలకుర్చీ కావలెనని ముందుగా చెప్పుట మఱచితిమి. మోకాళ్లనొప్పుల మనిషి అంత దూరమును నడిచివచ్చెను. ఆనాడు ఇద్దఱమును తప్పు నాదే యంటిమి. అవతలివారిదేయని ఇద్దఱమును మనసులో అనుకొంటిమి. ఆ మాట ఏండ్ల తరబడి అట్లే యుండిపోయెను.

ఇక పందెము. ఫ్రాన్సుదేశమున లె మాన్ పట్టణములో 1923లో 24 గంటల మోటారు పందెము మొదలయ్యెను. అందు వేగముతోపాటు ఓర్పునకును పరీక్ష. నిర్ణీతకాలములో ఎవరి బండి యెక్కువ దూరము పోవునో వారిదే గెలుపు. 1930లో మార్గరీత్ మారూజ్, ఒదెత్ సికో అను ఇద్దఱు స్త్రీలు ఆ పందెమున బుగాట్టి బండి నడపి ఏడవస్థానమున నిలిచిరి. అందు పాల్గొన్న మొదటి స్త్రీలు వారే. ఆ సికోయే 1932లో ఆల్ఫా రోమియో బండితో నాలుగవస్థానము పొందెను.

అది ధనవంతుల పందెము. పేదవాని పందెము వేఱొకటి కలదు. అమెరికాలో పనికిమాలిన బండిని ‘లెమన్’, అనగా నిమ్మకాయ, అని వేళాకోళముగా అందురు. ఆ మాటను లె మాన్ పేరుతో ముడిపెట్టి 2006లో కాలిఫోర్నియాలో ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ అను పందెమును ఆరంభించిరి. బండి వెల 500 డాలర్లకు మించరాదని దాని నియమము. ప్రాణరక్షణకు చేయు ఖర్చు మాత్రము ఆ లెక్కలో చేరదు. పేరున 24 గంటలున్నను పెక్కు పందెములు శని, ఆదివారములలో పగటివేళనే జరుగును. దానిని చూచి అట్టివి మఱికొన్ని పుట్టినవి. మేము పాల్గొనినది ఆ కోవలోనిదే.

మా అన్నదమ్ములు పాతికేండ్ల నాటి బండి నొకదానిని కొని, వారాంతములందు విప్పుచు బిగించుచు కాలము గడుపుచుండిరి. బండిని నడుపుటకు నలుగురు కావలెను. రావలసిన స్నేహితులిద్దఱును చివరకు రాలేమనిరి. ‘మీరిద్దఱు రాకూడదా?’ అని వారు నవ్వులాటకు అడిగిరి. మేము నవ్వక సరేయంటిమి. ఒక దినమెల్ల శిక్షణ పొంది, జెండాల యర్థములు నేర్చుకొంటిమి. పచ్చజెండా పోవుటకు, పసుపుజెండా ముందు అపాయమున్నది, ఎవరిని దాటవలదనుటకు, నల్లజెండా చూపినచో బండి లోపలికి తెచ్చి సంజాయిషీ చెప్పుకొనవలెను, ఎఱ్ఱజెండా ఆగుటకు.

పందెపుబండిలో మెత్తని వస్తువేదియు నుండదు. లోపలిదంతయు పీకివేసి, బండి తలక్రిందులైనను మనిషి నలగకుండునట్లు ఉక్కుగొట్టములతో పంజరము కట్టుదురు. నిప్పంటని దుస్తులు, శిరస్త్రాణము, మెడకు కాపు ధరించి, భుజములకును నడుమునకును పట్టీలు బిగించుకొని కూర్చుండవలెను. పెట్రోలు పోయునపుడు యంత్రమాపి, నడుపువారు దిగవలెను. ఒకరు పోయుచుండగా మఱియొకరు నిప్పునార్పు సాధనము పట్టుకొని నిలువవలెను. ఎంత వెకిలి బండియైనను ఈ నియమములలో మాత్రము వేళాకోళము లేదు.

పందెము జరిగినచోటు థండర్‌హిల్. ఉత్తర కాలిఫోర్నియాలో విల్లోస్ అను చిన్న ఊరికి చేరువ. 1993లో తెఱచిన ఆ బాట చుట్టు సుమారు 3 మైళ్లు. కొన్నేండ్ల క్రిందట, వరికోతల కాలమున, శుక్రవారము సాయంకాలమునకు అచ్చటికి చేరితిమి. ఆ ప్రాంతమంతయు వరిపొలములే. పండిన చేల వాసన తగులగానే ఇద్దఱమును మాటలాడుట మాని కొంతసేపు ఊరకుంటిమి.

ఆ రాత్రి రేడియేటరు రబ్బరుగొట్టము పాతబడినదని మార్చితిమి. చిన్నామె కొత్తగొట్టమును తొడిగి క్లిప్పు ఎక్కించెను. స్పానరు పెద్దామె చేతనుండెను. ఇంతలో ఇంటివద్దనున్న పిల్లలు ఫోను చేసిరి.

శనివారము ఉదయమున పచ్చజెండా వీచిరి. నూటికి పైగా బండ్లు ఒక్కసారి కదలెను. అన్నగారు మొదటి వంతు నడపి రెండు గంటలకు దిగిరి. చిన్నామె ఎక్కెను. ఆ బాటలో అయిదవ మలుపు గుట్టమీదకు పోవును. ఎక్కువఱకు ఆవలిది కనబడదు. అక్కడ పసుపుజెండా వీచుచుండగా చిన్నామె ఒక బండిని దాటిపోయెను. నల్లజెండా చూపి పిలిచిరి. నియమములు చూచు పెద్దమనిషి ‘ఏమి జరిగినది?’ అని యడిగెను. చిన్నామెకు ఇంటి అలవాటు చొప్పున ‘క్షమింపుడు, తప్పు నాదే’ అను మాట ముందు వచ్చెను. ఆయన తల యడ్డముగా నూపి, ‘అది కాదు. ఏమి చేసితివో చెప్పుము’ అనెను. అపుడామె, ‘జెండా చూచితిని. ముందుబండి ఒక్కసారి నెమ్మదింపగా దానికి తగులుదునని ప్రక్కకు తీసి దాటితిని’ అని చెప్పెను. ‘ఇంకొకసారి యట్లయిన నేమి చేయుదువు?’ ‘జెండా కనబడినపుడే వేగము తగ్గించి, ముందుబండికి ఎడముగా ఉందును.’ ‘ఇక పొమ్ము’ అనెను. ఆలస్యము కొన్ని నిమిషములే.

మధ్యాహ్నము పెద్దామె వంతు. అరగంట చక్కగా సాగెను. అంతట గుట్ట యెక్కుచుండగా నీటి వేడిని తెలుపు ముల్లు ఎఱ్ఱగీతను దాటుట ఆమె చూచెను. వెంటనే బండిని ప్రక్కకు తీసి యంత్ర మాపవలెను. ఆమె యాపలేదు. తన వంతు నడుమ బండి నిలిచెనన్న మాట రాకూడదని, ముల్లు దిగునేమోయని ఆశపడి, మఱియొక చుట్టు పూర్తిగా తిప్పి, ఆవిరి గ్రమ్ముచున్న బండిని డేరావద్దకు తెచ్చెను.

మూత తీసి చూడగా గొట్టము ఊడియున్నది. క్లిప్పు వదులు. చిన్నామె కండ్లనీరు పెట్టుకొని, ‘క్లిప్పు ఎక్కించినది నేను. తప్పు నాదే’ అనెను. పెద్దామె ఆ క్షణమున ‘కాదు, నాదే’ యని కూడ అనలేదు. ఊరకుండెను. పాఠకురాండ్రకు దీనిని దాపరికము లేక చెప్పుచున్నాము.

తమ్ముడు గొట్టము బిగించి, యంత్రము చల్లాఱిన తరువాత నీరు పోసి, ‘ఇంకను మూడు గంటల పందెమున్నది, నేను పోయెదను’ అని శిరస్త్రాణము చేతబట్టెను. అన్నగారు మాత్రము పెద్దామెను చూచి, ‘ముల్లు ఎఱ్ఱగీత దాటిన తరువాత ఎంతసేపు నడిపితివి?’ అని అడిగిరి. ఆ ప్రశ్నలో కోపము లేదు. తెలియవలసిన కారణ మున్నది. కొంచెము సేపే యయినచో నీరు పోసి పంపవచ్చును. ఎక్కువసేపయినచో లోపల హెడ్డు వేడికి వంగి, దాని క్రింది గాస్కెట్టు చెడియుండును. అట్టి బండి వేగముగా పోవుచు నడుబాటలో యంత్రము బిగిసి నిలిచినచో వెనుక వచ్చు బండ్లు ఊరకుండవు. నడుపబోవువాడు చిన్నామె భర్త.

పెద్దామె చెప్పెను: ‘ఒక చుట్టు పూర్తిగా నడిపితిని. చూచియే నడిపితిని. నిన్న క్లిప్పు నేను బిగించెదనంటిని. పిల్లలతో మాటలాడి వచ్చి, బిగించితినో లేదో చూడలేదు.’

ఎవ్వరును ఏమియు అనలేదు. అన్నగారు రేడియేటరు మూత తీసియుంచి యంత్రమును నడిపి చూచిరి. నీటిలో బుడగలు వచ్చెను. వెనుక గొట్టమునుండి తెల్లనిపొగ వచ్చెను. గాస్కెట్టు పోయినది. తమ్ముడు శిరస్త్రాణమును బల్లపై పెట్టెను.

ఆనాటి పందెము మాకంతటితో సరి. రాత్రి పని మిగిలెను. తమ్ముడు ముప్పదిమైళ్లు దాటి చికో పట్టణమునకు పోయి గాస్కెట్టు తెచ్చెను. ప్రక్కడేరావారు మాతో పోటీపడువారే. అయినను, ఎంత బలముతో బిగించితిమో చూపు టార్క్ రెంచిని వారే యిచ్చిరి. వారిలోని ముసలాయన ఉక్కుబద్ద నొకదానిని హెడ్డుమీద నిలిపి, సందునుండి వెలుగు వచ్చునేమోయని దీపము పెట్టి చూచెను. రాలేదు. వంగలేదన్నమాట. మేమిద్దఱము పాత గాస్కెట్టు పెచ్చులను గీకి తుడిచితిమి. హెడ్డునకు పది బోల్టులు. నడుమనుండి చివరలకు, కొంచెము కొంచెముగా, వరుసతప్పక బిగింపవలెను. ఒక్కటి ముందుగా బిగిసినచో అన్నియు చెడును. ఒకరము కాగితము చూచి చదువగా ఒకరము బిగించి, ప్రతి బోల్టునకును తెల్లరంగుతో గీత పెట్టితిమి. గీత లేనిది బిగింపనట్లే. ముగ్గు పెట్టినట్లున్నదని చిన్నామె అనగా ఆ రాత్రి మొదటిసారి నవ్వితిమి. ప్రక్కడేరావారికి మా పులిహోర పెట్టితిమి. మూడు గంటలకు యంత్రము మరల పలికెను.

ఆదివారము పెద్దామె, ‘నా వంతు నీవే నడుపుము’ అని చిన్నామెతో అనెను. చిన్నామె ఒప్పుకొనలేదు. ‘నీకు ముల్లు చూచుట ఇపుడు మాకంటె బాగుగ తెలియును, నీ వంతు నీదే’ అనెను. కడపటి గంటన్నర పెద్దామెయే నడిపెను. ప్రతి చుట్టులోను ముల్లు చూచెను. గళ్లజెండా వీచునప్పటికి మా బండి 81వది. గెలిచినవారు మాకంటె ఎన్ని చుట్లు ముందుండిరో లెక్కింపలేదు.

ఇంటికి తిరిగివచ్చుచు దారిలో పెద్దామె, ‘చెల్లీ, ఆనాటి చక్రాలకుర్చీ సంగతి యేమి జరిగినది?’ అని యడిగెను. ఎవరి తప్పని కాదు, ఏమి జరిగినదని. తీగ లాగగా తేలినదేమనగా, ఫోను చేయవలసినది చిన్నామె. ముందటిదినము గుర్తుచేసెదనని చెప్పి మఱచినది పెద్దామె. ఇంతే. దీనికై ఇన్నేండ్లు పట్టెను.

కాలిఫోర్నియాలో ఆదివారము సాయంకాలమనగా కోనసీమలో సోమవారము తెల్లవాఱుచుండును. అత్తగారు లేచియుందురని ఫోను చేసి జరిగినది జరిగినట్లు చెప్పితిమి. మా తల్లివంటి ఆమె, పోనిండు, దానికేమి, అనునని అనుకొంటిమి. ఆమె కొంతసేపు పలుకక, ‘ఆ నడకకు నాకు నాలుగు దినములు కాళ్లు లేవలేదమ్మా. మీరిద్దఱును తప్పు నాదే, నాదే యని ఒకరిమీద ఒకరు పడుచుండిరి. నొచ్చుచున్నదని నేనెవరితో చెప్పుదును?’ అనెను.

మేమిద్దఱమును బదులు చెప్పలేకపోతిమి. తప్పు మీద వేసికొనుట మర్యాద యనుకొని, ఆమె నొప్పిని వినకపోతిమి. ఇంతకాలము మా వినయమునకు మేమే మురిసికొంటిమి.

తరువాతి సంవత్సరము ఆమె మరల వచ్చెను. ఫోను చేసినది చిన్నామె. చేసితివాయని అడిగినది పెద్దామె. వంటింటి గోడకు అంటించిన కాగితమున ‘చక్రాలకుర్చీ’ అను మాట ప్రక్కన తెల్లరంగు గీత యొకటి ఉండెను. అత్తగారు దానిని చూచి ఇదేమని యడుగగా, బండి బిగించుటలో నేర్చినదని చెప్పితిమి.