గేటు బయటే వైద్యం

సూర్యాపేటలో ఒక పశువైద్యశాల. పొద్దున తొమ్మిది కాకముందే ట్రాలీ ఆటో ఒకటి గేటు ముందు ఆగింది. అందులో నాలుగు గొర్రెలు. రెండిటికి ముక్కు నిండా చీమిడి, కళ్లలో పుసులు, తోక కింద పారుడు. ఎదురొచ్చిన డాక్టరు నోట మొదటి మాట: "దించకు తాతా, ఆటోలనే ఉండనీయి."

కాపరి ముఖం చిన్నబోయింది. ఇంత దూరం కిరాయి పెట్టి తెచ్చింది గేటు బయట నిలబెట్టడానికా?

డాక్టరు భయం వేరు. లోపల చెట్టు కింద కాలు విరిగిన మేక ఒకటి, ఈనలేక అవస్థ పడుతున్న గొర్రె ఒకటి ఉన్నాయి. కాపరులు పారుడు రోగమనే పీపీఆర్ ఊపిరితో, తుమ్ముతో పక్క జీవానికి అంటుకుంటుంది. అందుకే జ్వరం చూడటం, పుండ్లు పడిన నోరు కడగడం, సూది వేయడం అన్నీ ఆటోలోనే సాగాయి. వైరస్‌ను చంపే మందు లేదు. యాంటీబయాటిక్ వెంట వచ్చే న్యుమోనియాకు, సెలైన్ ఒంట్లోంచి పోయిన నీటికి. ఆటో కదిలాక ఆ చోటంతా బ్లీచింగ్ చల్లారు.

ఈ రోగాన్ని మొదట 1942లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో గుర్తించారు. మన దేశంలో 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడింది. పశువులను ఊడ్చిపెట్టిన ముసర రోగానికి ఇది దగ్గరి చుట్టం. ముసర 2011 నాటికి ప్రపంచం నుంచే పోయింది. పీపీఆర్‌కు పెట్టిన గడువు 2030.

చిత్రమేమిటంటే ఈ వైరస్ ఎండకు ఎక్కువసేపు ఆగదు. ఊళ్లు దాటాలంటే దానికి జీవాల కాళ్లో, లారీ చక్రాలో కావాలి. గుర్రాలకు వచ్చే ఫ్లూదీ ఇదే లెక్క, రాకపోకలతోనే పాకుతుంది. 2007లో ఆస్ట్రేలియాలో ఆ ఫ్లూ వస్తే దేశమంతటా వాటి రాకపోకలు ఆపేశారు. టీకాలూ తోడై మరుసటి ఏడాదికి రోగం పోయింది. అదే 2008లో మన జమ్మూలోని కాట్రాలో గుర్రాలు, కంచరగాడిదల్లో మొదలైన ఫ్లూ చాలా రాష్ట్రాలకు పాకింది.

కోదాడ దాటితే రామాపురం క్రాస్‌రోడ్డు, ఆంధ్ర సరిహద్దు. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇక్కడే కోళ్ల బండ్లను వెనక్కి తిప్పారు. గొర్రెల లారీలకు అంత పట్టింపు ఉండదు.

మిర్యాలగూడ వైపు అసలు కథ ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలయ్యాక పాలమూరు దిక్కు నుంచి మందలు దిగుతాయి. రైతు ఎరువు కోసం రాత్రికి మందను పొలంలో ఆపించుకుంటాడు, కాపరికి ఎంతో కొంత ముట్టజెప్తాడు. ఇద్దరికీ లాభమే. కాకపోతే పక్కపక్క మడుల్లో మూడు ఊళ్ల మందలు పడుకుంటాయి, ఒకే కాలువలో నీళ్లు తాగుతాయి. టీకా పడని మంద ఒక్కటున్నా చాలు.

టీకా కొరత కన్నా వేసే తిప్పలే ఎక్కువని ఈ వ్యాసకర్తకు అనిపించింది. ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సుంగ్రి-96 రకంతో తయారుచేసిన టీకా ఒక మిల్లీలీటరు చర్మం కింద వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. కానీ పొడిని సెలైన్‌లో కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఐస్‌లోనే ఉంచాలి. వంద డోసుల సీసా విప్పితే మందలో అరవై జీవాలే ఉంటాయి, మిగిలింది మట్టిపాలు. మంద మేతకు కదిలితే ఇక దొరకదు గనుక, సిబ్బంది కోడి కూసే వేళకే దొడ్డి దగ్గరుండాలి.

జీవాలు చేతులు మారే మరో సందర్భం జాతర. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో జరిగింది, దాని తర్వాతిది 2027లో. మొక్కు కోసం అంగడిలో పొట్టేలును కొని తెచ్చేవారు దాన్ని ఇంటి మందలో కలపకండి. మూడు వారాల ముందే కొని, వేరే కొట్టంలో, వేరే తొట్టి పెట్టి కట్టేయండి.