మిరజ్‌లో తంబూరల గల్లీ

సోలాపూర్ నుంచి మిరజ్‌కు రైలు కుర్డువాడి, పండరపురం, సాంగోలా మీదుగా పోతది. మన వాళ్లు చానా మంది పండరపురంలోనే దిగి, విఠోబా దర్శనం చేసుకొని తిరిగి వస్తరు. దిగకుండా ఇంకా ముందుకు పోతే మిరజ్. ఒకప్పుడు పట్వర్ధన్ రాజుల ఊరు. పెద్ద దవాఖానల ఊరని మనందరికీ తెలుసు. కానీ తంబూరలకు, సితార్లకు పేరు మోసిన ఊరని తక్కువ మందికి తెలుసు. 2024లో మిరజ్ సితారుకు, మిరజ్ తంబూరకు జీఐ గుర్తు వచ్చింది. మన సోలాపూర్ చద్దరుకు ఉన్న గుర్తు అసువంటిదే.

మా వాడకట్టు భజన మండలికి ఒక తంబూర కావాలని నలుగురం కలిసి పోయినం. హార్మోనియం ఉంది, తాళాలు ఉన్నయి. తంబూర లేక పాట ఒంటరిగా ఉందని మా బావ ఎప్పుడూ అంటడు.

ఆ గల్లీలో దుకాణమే కార్ఖానా. ముందు అమ్మకం, వెనక పని. పై నుంచి ఎండిన పెద్ద పెద్ద కాయలు వేలాడుతున్నయి. చేదు సొరకాయలు, కూరకు పనికిరావు. ఎక్కడి నుంచి వస్తయని అడిగితే ఆ కారీగర్ నవ్వి, "మీ జిల్లా నుంచే" అన్నడు. పండరపురం, మంగళవేఢా దిక్కు భీమా నది ఒడ్డున రైతులు పండిస్తరంట. మన జిల్లా కాయ మిరజ్‌కు పోయి పాటకు తోడైతదని నాకు అప్పటిదాకా తెల్వదు.

ఎండిన కాయను కోసి, నానబెట్టి, లోపలి గుజ్జు తీసి, పుల్లలు అడ్డం పెట్టి ఆకారం చెడకుండా మళ్లా ఆరబెడతరు. మెడకు తున్ కర్ర. పైన లక్క పాలిష్. ఈ పని మొదలుపెట్టినోళ్లు శికల్‌గార్లు, కత్తులకు సాన పట్టే కుటుంబాలు. కత్తుల గిరాకీ పడిపోయినంక అదే చేతులతో తీగ వాద్యాలు నేర్చుకున్నరు. మిల్లుల భోంగా ఆగినంక మన వాళ్లు ఎన్ని పనులు నేర్చుకున్నరో యాదికొచ్చింది.

ఆయన ఒక్కొక్క తంబూర మా ముందర పెట్టి మీటమన్నడు. ఇక్కడ నా సంగతి చెప్పాలె. ఇరవై రెండేండ్లు సాంచాల ఖాతాలో పని చేసిన. ఆ మోతకు నా చెవులు సగం పోయినయి. సన్నని చప్పుడు అందదు. మా వాళ్లు "ఆహా" అంటుంటే నేను వాళ్ల మొఖాలు చూసుకుంట కూసున్న.

కారీగర్ గమనించి, తంబూర తెచ్చి నా ఒళ్లో నిలబెట్టిండు. చెంప మెడకు ఆనించమన్నడు. మీటిన. చెవికి కాదు, దవడలోకి, ఛాతీలోకి వచ్చింది నాదం.

అప్పుడు ఇంకొకటి చూపిచ్చిండు. కింద బ్రిడ్జి మీద ఒక్కొక్క తీగ కింద సన్నని నూలు దారం ఉంటది. దాన్ని జీవా అంటరు. దారం లేకుంటే నాదం బోడిగా ఉంటది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే ఒక్క చోట తీగ జుమ్మని పలుకుతది. "నువ్వు జరుపు" అన్నడు. దారం నా చేతికి కొత్తా? జరుపుకుంట పోయిన, ఒక్క కాడ ఛాతీ నిండింది. ఆపిన. "అక్కడే ఉండనియ్యి" అని మా బావ అరిచిండు. ఆ తంబూరనే తీసుకున్నం.

పోయేవాళ్లకు రెండు మాటలు. నక్షీ పని ఎక్కువైతే ధర పెరుగుతది, నాదం పెరగదు. సాదాది తీసుకోండి. పాడేది ఆడవాళ్లా, మగవాళ్లా ముందే చెప్పండి, సైజు మారుతది. ఆ ఊర్లోనే మీరా సాహెబ్ దర్గా ఉంది. 1937లో కాలం చేసిన గాయకుడు అబ్దుల్ కరీం ఖాన్ సమాధి అక్కడే. ఉర్సుకు పెద్ద పెద్ద పాటగాళ్లు వచ్చి పాడుతరు. అప్పుడు పోతే రెండు పనులైతయి.

పవర్‌లూమ్‌ల మీద ఉన్న పిల్లలకు ఇంకొక్క మాట. చెవుల బిళ్లలు పెట్టుకొని పని చేయుండ్రి. పోయిన చెవి మళ్లా రాదు.