దిక్కులేని ఏనుగుల దీవి

కలప కోసం తెచ్చారు, దివాలా తీశాక వదిలేశారు. 60 ఏళ్లు దాటినా అండమాన్‌లోని ఇంటర్వ్యూ దీవిలో ఆ ఏనుగుల సంతతి సంగతి తేలలేదు

మాయాబందర్ నుంచి బయల్దేరిన డుంగీ మడ అడవుల మధ్య పాయలు దాటి పడమటి సముద్రంలోకి వచ్చాక, నీటి అంచున నల్లటి గీతలా ఇంటర్వ్యూ దీవి కనిపిస్తుంది. స్థానికులు డుంగీ అని పిలిచే ఆ మోటారు పడవలో కూర్చున్న వారి కళ్లన్నీ ఒడ్డు మీదే ఉంటాయి. ఏనుగు కనిపిస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వరు. చాలాసార్లు కనిపించేవి ఆనవాళ్లే: తడి ఇసుకలో పళ్లెమంత అడుగుజాడ, ఎండిన లద్దె, నిలువునా బెరడు ఊడిన చెట్టు.

విశాఖపట్నంలో ఓడెక్కినా, చెన్నైలో విమానం ఎక్కినా ముందు చేరేది 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కే. అక్కడి బజారులో తెలుగు మాట తరచూ చెవిన పడుతుంది. ఉత్తరాన మాయాబందర్ వరకు రోడ్డు మీద సుమారు 240 కి.మీ. జారవాల అడవి గుండా సాగే భాగంలో వాహనాలను పోలీసు రక్షణతో గుంపులుగా పంపుతారు. ఆ తర్వాత పడవ. దీవిలో దిగాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. సుమారు 133 చ.కి.మీ. విస్తీర్ణం ఉన్న ఈ అభయారణ్యంలో ఊరంటూ లేదు. ఉన్నది కాపలా సిబ్బంది మాత్రమే.

అండమాన్‌లో ఏనుగు పుట్టలేదు. ఈ దీవుల్లో సహజంగా ఉన్న నేల జంతువుల్లో పెద్దది అడవిపంది. ఏనుగులు వచ్చింది కూలీలుగానే. 1883లో బ్రిటిష్‌వారు ఛాథమ్‌లో రంపపు మిల్లు పెట్టారు. పడగొట్టిన దుంగలను అడవి నుంచి తీరానికి లాగే యంత్రాలు లేని కాలంలో ఆ బరువంతా ఏనుగుల మీదే పడింది. ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో వాటిని దించారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తర అండమాన్ అడవులను కలకత్తాకు చెందిన పి.సి. రే అండ్ కంపెనీ కౌలుకు తీసుకుంది. 1960ల ఆరంభంలో ఆ సంస్థ దివాలా తీసింది. ఏనుగులను తిరిగి ఓడెక్కించడం ఖర్చుతో కూడిన పని. సుమారు 40 ఏనుగులను ఇంటర్వ్యూ దీవిలో వదిలేశారు. మావటి మాట తప్ప మరో ప్రపంచం తెలియని జంతువులు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. కానీ అవి చావలేదు. మొగలి పొదలు, పేము తిని బతికాయి. గున్నలను కన్నాయి. మంచి ఈతగాళ్లు కావడంతో కొన్ని సముద్రపు పాయలు ఈది పక్క దీవులకూ చేరాయి. ఇప్పుడున్నవాటిలో దాదాపు అన్నీ ఇక్కడే పుట్టినవి. మనిషి పిలుపుకు పలకవు సరికదా, అలికిడైతే అడవిలోకి జారుకుంటాయి, లేదా మీదికొస్తాయి.

కథ ఇక్కడితో ముగిస్తే సుఖాంతమే. కాంగోలోని విరుంగా జాతీయ పార్కులో తల్లిని పోగొట్టుకున్న పర్వత గొరిల్లాల కోసం సెంక్వెక్వే కేంద్రం ఉంది. 2007లో తల్లి శవాన్ని అంటిపెట్టుకుని దొరికిన ఎన్‌డకాసి అనే పిల్ల గొరిల్లా అక్కడే పెరిగి, 2021లో తనను సాకిన సంరక్షకుడి ఒడిలోనే కన్నుమూసింది. ఆ అనాథలకు మనుషులు తోడున్నారు కానీ అడవి దక్కలేదు. ఇంటర్వ్యూ ఏనుగులకు అడవి దక్కింది, మనుషులు లేరు.

చిక్కంతా ఆ అడవితోనే. ఏనుగు మేతకు తట్టుకునేలా ఈ దీవి చెట్లు పెరగలేదు. బెరడు ఒలిచిన చెట్లు ఎండిపోతాయి, ఖాళీ అయిన చోట మొలక లేచేలోపే మరో నోరు దాన్ని అందుకుంటుంది. ఆ నోరు చుక్కల జింకది. దాన్నీ బ్రిటిష్‌వారే తెచ్చారు. వేటాడే పులి, చిరుత లేకపోవడంతో అది విచ్చలవిడిగా పెరిగింది. ఈ రెంటి వల్ల అడవి ఎలా పలచబడుతోందో పర్యావరణ శాస్త్రవేత్త రవూఫ్ అలీ 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో వివరించారు. అదే ఏడాది డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో దీవి పడమటి అంచు మీటరుకు పైగా పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి తేలి చచ్చిపోయాయి. దీవిలోని సున్నపురాతి గుహల్లో ఉమ్మితో గూళ్లు కట్టే స్విఫ్ట్‌లెట్ పిట్టలు ఉన్నాయి. సూప్ కోసం విదేశాల్లో విపరీతమైన ధర పలికే ఆ గూళ్లను దొంగలు దోచుకోకుండా గుహల దగ్గర కాపలా పెట్టాల్సి వచ్చింది. ఇంత సున్నితమైన చోట ఏనుగులు ఉండొచ్చా?

ఉండకూడదనేవారి వాదన తేలికగా కొట్టేసేది కాదు. అభయారణ్యం ఉన్నది స్థానిక జీవజాతుల కోసం. కానీ ఏనుగుకు వన్యప్రాణి చట్టం అత్యున్నత రక్షణ ఇచ్చింది. వాటిని పట్టి తరలించాలంటే మళ్లీ సంకెళ్లు, మళ్లీ ఓడ. తాతలను పనికి తెచ్చినట్టే మనవలనూ తీసుకెళ్లాలి, ఈసారి నేరస్థుల్లా.

మరో దారి ఉంటుందని చూపింది రాజన్ అనే ఏనుగు. సముద్రంలో ఈదే ఏనుగుగా ప్రపంచానికి తెలిసిన రాజన్ కూడా ఒకప్పుడు కలప లాగిన కూలీయే. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అండమాన్‌లో కలప వ్యాపారానికి కళ్లెం పడ్డాక దానికి పని పోయింది. హావ్‌లాక్‌లోని ఒక రిసార్టు దాన్ని కొని ఉంచుకుంది. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్‌గా పిలిచే ఆ దీవిలోనే రాజన్ ముసలితనం గడిపి 2016లో చనిపోయింది. పని తీరాక కూడా దాని తిండి బాధ్యత ఎవరో ఒకరు మోశారు.

ఇంటర్వ్యూ దీవి ఏనుగుల విషయంలో ఆ బాధ్యత మోయాల్సిన కంపెనీ ఏనాడో మాయమైంది. లాభం దుంగల రూపంలో ఓడలెక్కి వెళ్లిపోయింది. మిగిలిన లెక్క దీవి చెల్లిస్తోంది. సాయంత్రం పోటు తగ్గకముందే డుంగీ వెనుదిరగాలి. ఆలోగా ఒడ్డున చెట్లు కదిలితే అందరూ ఊపిరి బిగబట్టి అటే చూస్తారు. కదిలింది గాలో, ఏనుగో తెలియకుండానే దీవి వెనక్కి జరిగిపోతుంది.