గోదావరిఖనిలో కట్టప్ప

2016 వేసవిలో అక్కావాళ్ళను చూద్దామని గోదావరిఖని వెళ్ళాను. రామగుండంలో రైలు దిగగానే ఎన్‌టీపీసీ పొగగొట్టాలు పలకరించాయి. సాయంకాలం సింగరేణి క్వార్టర్ల ముందు, వేపచెట్టు కింద సభ తీరింది. చర్చ ఒక్కటే: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగం సరిగ్గా అక్కడే ఆగిపోయింది మరి!

"చావలేదు మామా, అదంతా నాటకం!" అన్నాడు మేనల్లుడు.

"కాదు, భల్లాలదేవుడు బెదిరించిండు," అంది వాడి చెల్లెలు.

బావ రాత్రి షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటున్నాడు. "సింహాసనానికి మాటిచ్చినోడు. హుకుం అయితది, చేస్తడు. నీకిష్టమేనా అని ఎవలడుగుతరు?" అని బాయికి బయలుదేరాడు. అక్కడ బొగ్గుగనిని బాయి అంటారు.

అక్క ఏమీ అనలేదు. తెల్లవారి బావ బండి చప్పుడు వినబడేదాకా ఆమె గదిలో దీపం వెలుగుతూనే ఉంది.

2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చింది. చంపమన్నది శివగామి ఆజ్ఞ! బావ ఊహే నిజమైందని ఉత్సాహంగా ఫోను చేశాను. అక్క ఎత్తింది.

"ఆ కథ రెండేండ్లకు తేలింది తమ్మీ," అంది నవ్వుతూ. "నా కథ మాత్రం రోజూ మీ బావ బాయిలకెళ్ళి పైకొచ్చినంకనే తేలుతది."