పనిముట్టు అందరిదీ, పాట ఊరిదీ

అమీర్‌పేటకు కోర్సు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో గూడేల నుంచి వచ్చినవాళ్లమూ ఉన్నాం. మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా జావా, పైథాన్, టెస్టింగ్ బోర్డులే. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ప్రాక్టీసు, రాత్రికి బేగంపేటలో అద్దె గది. ఉద్యోగం కోసమే వచ్చాం, అందులో దాపరికం లేదు. అయితే ఇక్కడ నేర్చుకున్న చదువు మన పాటలకూ పనికొస్తుందని తెలిశాక ఇంకో పని మొదలుపెట్టాం. గోండు, కోయ, కొలాం పిల్లలం కలిసి, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మనవాళ్ల గొంతులు రికార్డు చేసేవాళ్ల కోసం ఇంటర్‌నెట్‌లో ఒక ఉమ్మడి పోర్టల్ కడుతున్నాం.

గుస్సాడి కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో ప్రకటించారు. 2024లో ఇద్దరూ మనల్ని విడిచిపోయారు. వాళ్లకు పేరొచ్చింది కాబట్టి కెమెరాలు వాళ్ల దగ్గరికి వెళ్లాయి. పేరు రాని తాతలు, అవ్వలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లాల్సింది మనమే.

మేము ఎక్కువగా వాడేది ఆడాసిటీ. 2000లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చదువుకునేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు కలిసి దాన్ని బయటికి తెచ్చారు. డబ్బు కట్టనక్కర్లేదు. దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచొచ్చు. 2021లో అది ఒక కంపెనీ చేతికి వెళ్లాక, వాడేవాళ్ల సమాచారం సేకరిస్తారేమోనని పెద్ద గొడవైంది. కోడ్ అందరి చేతిలో ఉంది కాబట్టి నచ్చనివాళ్లు టెనాసిటీ అనే పేరుతో వేరు కాపురం పెట్టారు. ఊరు నచ్చకపోతే నాగలి, ఎడ్లు తోలుకుని ఇంకోచోట గూడెం కట్టుకున్న మన పెద్దలకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది.

పోర్టల్‌లో మొదటి అర పనిముట్లది. సాఫ్ట్‌వేర్, దాన్ని వాడే పాఠాలు మన భాషల్లో అక్కడ ఉంటాయి. మెట్రో రైళ్లు ఆగి, రోడ్డు సద్దుమణిగాక, కిటికీకి దుప్పట్లు కట్టి ఆ పాఠాలు చదివి రికార్డు చేస్తాం. ఒక పాఠం హోరు తగ్గించడం గురించి. ఫ్యాను హోరు మాత్రమే ఉన్న చిన్న ముక్కను ముందు సాఫ్ట్‌వేర్‌కు చూపించాలి. అది ఆ హోరును గుర్తుపెట్టుకుని రికార్డింగు మొత్తంలో తగ్గిస్తుంది. కానీ కిక్రి తీగ జీరను, ముసలి గొంతులోని ఊపిరిని కూడా అది హోరే అనుకోవచ్చు. జీర పోయిన కిక్రి మన కిక్రి కాదు. అందుకే అసలు ఫైలును ముట్టుకోవద్దని, పని అంతా నకలు మీదే చెయ్యాలని పాఠం మొదట్లోనే చెప్తాం.

ఇంకో పాఠం సైజు గురించి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ ఫైలు గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లో అంత ఫైలు ఎవరు దించుకుంటారు? దాన్నే ఓపస్‌లో 24 కిలోబిట్లకు కుదిస్తే గంటకు 11 ఎంబీ లోపే. వినడానికి చిన్నది, దాచడానికి పెద్దది.

పనిముట్ల విషయంలో మాలో తగవు రాలేదు. పాటల అర దగ్గరే వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లాగే పాటలు కూడా అందరికీ తెరిచి పెడదామని కొందరం అన్నాం. పెర్సాపేన్ కథకు సమయం ఉంది, చెప్పే హక్కున్న పర్ధాన్, తోటి ఇళ్లున్నాయి, చావుపాటను ఎవరో బస్సులో కూర్చుని వింటే ఎట్లా అని మిగతావాళ్లం అడిగాం. ఇంతలో మాలో ఒకరి ఇంటి పెళ్లి వీడియో ఇంటర్‌నెట్‌లో పెడితే, ఆ పాట మాదేనని ఎవరో కాపీరైటు నోటీసు పంపారు. ఆ ఊరి అవ్వలు పాడిన పాటే అది. తెరిచి పెట్టినదానికి కాపలా లేకపోతే ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసింది.

ఇలాంటి ప్రశ్న మనకంటే ముందు ఆస్ట్రేలియాలోని వారుముంగు ఆదివాసులకు వచ్చింది. ఏ ఫొటో ఎవరు చూడొచ్చు, ఏ పాట ఎవరు వినొచ్చు అన్నది తమ కట్టుబాటు ప్రకారం నడిచేలా 2007లో వాళ్లు ఒక భాండారం పెట్టుకున్నారు. దాని నుంచే ముకుర్తు అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. వాళ్ల భాషలో ఆ మాటకు విలువైనవి దాచుకునే సంచి అని అర్థం. ఆ సంచి అల్లిక ఎవరైనా నేర్చుకోవచ్చు. లోపల ఏముందో చూపాలా వద్దా అన్నది సంచి గలవాళ్ల ఇష్టం.

మేమూ అలాగే అనుకున్నాం. పాఠాలు, సాఫ్ట్‌వేర్ ఎవరైనా తీసుకోవచ్చు. పాటకు మాత్రం తాళం ఉంటుంది, తాళంచెవి ఊరి చేతిలో ఉంటుంది. గోండు గూడెమైతే పటేల్, రాయిసెంటర్ పెద్దలు, పాడినవాళ్లు కూర్చుని చెప్పిందే మాట. దీనివల్ల పని నెమ్మదవుతుంది. ఇన్ని రోజులకు ఇన్నేనా పాటలు అని అడిగేవాళ్లున్నారు. అనుమతి వచ్చేలోపు తాత పోతే ఎట్లా అన్న భయమూ ఉంది. దానికి మాకు దొరికిన దారి ఒక్కటే. దాచడం వేరు, పంచడం వేరు. తాతను అడిగి ఈరోజే రికార్డు చేద్దాం, తాళం వేసి ఉంచుదాం, ఒక నకలు ఊళ్లోనే పెడదాం. ఎవరికి వినిపించాలో పెద్దలు తీరిగ్గా ఆలోచించుకుంటారు.

పంతుళ్లకు ఒక మనవి. బడిలో ఒక కంప్యూటరున్నా చాలు, పిల్లలకు ఆడాసిటీ నేర్పండి. ఫైలు పేరులో పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయించండి. గుంజాల గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది కాబట్టి, ఆ లిపి వచ్చిన పిల్లలు పాట పేరును దానిలోనే రాయొచ్చు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి దండారికి ఇంటికి వెళ్లినప్పుడు ఫోను జేబులోంచి తీసేముందు అవ్వ పక్కన కూర్చోండి. ఏది పాడాలో, ఏది రికార్డు చెయ్యాలో ఆమెనే చెప్పనివ్వండి.